ఎండలో ఒక్కచోటే వాన

కారు మాట్లాడుతోందంటే ఆ మాటలు ఎవరో ఒకరు రాసి ఉండాలి. మా కంపెనీలో రాసేది నేను. ‘సీటు బెల్టు పెట్టుకోండి’, ‘వెనక టైరులో గాలి తగ్గింది’, ‘తలుపు సరిగ్గా పడలేదు’ లాంటివన్నీ నావే. ఆఫీసులో నన్ను మాటలమ్మ అంటారు. పనిని బట్టి పెట్టిన పేరని పైకి చెబుతారుగానీ, నా నోటికి జడిసి పెట్టారని నాకు తెలుసు.

మా కంపెనీ కార్లు తయారుచెయ్యదు, అమ్మదు. కారుకీ లోకానికీ మధ్యలో కూర్చుంటుంది. కారు ఎక్కడుంది, ఎంత జోరుగా పోతోంది, బ్రేకు ఎంత గట్టిగా తొక్కారు, లైట్లు ఎప్పుడు వేశారు, ఇలా అన్ని కబుర్లూ గాల్లోంచి మా దగ్గరికి వచ్చిపడతాయి. మేం వాటిని ముక్కలు చేసి, ఎవరికి కావలసిన ముక్క వాళ్లకి అమ్ముతాం. బ్రేకుల ముక్క బీమా కంపెనీకి, గుంతల ముక్క రోడ్లు వేసేవాళ్లకి. వచ్చినదాంట్లో కార్ల కంపెనీకి వాటా. కారును ఒక్కసారే అమ్ముకోగలం, కారు కబుర్లు మాత్రం అది తిరిగినన్నాళ్లూ అమ్ముకోవచ్చునని మా సేల్స్ హెడ్ అస్తమానం అంటుంటాడు. ఎవరు తిట్టినా నవ్వుతూనే ఉంటాడు కాబట్టి ఆయన మా అందరికీ నవ్వులరాయుడు.

ఆ రోజు పొద్దున పెద్ద గదిలో ఆయన కొత్త ముక్క ఒకటి అమ్మకానికి పెట్టాడు. వైపర్ల ముక్క. వైపర్ తిరుగుతోందంటే అక్కడ వాన పడుతున్నట్టేగా! ఊళ్లో కార్లన్నీ కలిసి ఏ వీధిలో చినుకు పడిందో అప్పటికప్పుడు చెప్పేస్తాయి. కొనడానికి వాతావరణం చెప్పే కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాటా సంగతి తేల్చుకోవడానికి కార్ల కంపెనీ ఆవిడ వచ్చింది. ఎవరూ పిలవకపోయినా బీమా ఆయన వచ్చాడు. కబుర్లు ఎక్కడ అమ్ముతున్నా ఆయన వాసన పట్టేస్తాడు. నేను గోడవార కూర్చుని, తెర మీద పడే మాటల్లో తప్పులున్నాయేమో చూస్తున్నాను.

అప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. వరండాలోకి వచ్చి ఎత్తాను.

“నాన్న నీకేమైనా ఫోన్ చేశాడా?”

“లేదే. ఏమైంది?”

“పొద్దున్నే ఇంజెక్షన్ వేసుకుని కారు తీసుకుని వెళ్లిపోయాడు. ఏమీ తినలేదట. ఇప్పుడే వస్తానన్నాడట. అమ్మ అన్నీ మూతలు పెట్టుకుని కూర్చుంది. ఫోన్ మోగుతోంది, ఎత్తట్లేదు.”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మామగారిది ముదిరిన షుగరు. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకసారి వంటింటి గుమ్మంలోనే ఒరిగిపోయారు. అత్తయ్య పక్కనే ఉండి పంచదార నీళ్లు పట్టింది కాబట్టి గండం గడిచింది. కారులో ఒక్కరే ఉంటే ఆ నీళ్లు ఎవరు పడతారు?

“ఆస్పత్రి చూశా, మార్కెట్టు చూశా, ఆయన స్నేహితుల ఇళ్లన్నీ చూశా. పోలీసులేమో పెద్దమనిషి కదా, సాయంత్రం దాకా చూడండి అంటున్నారు. నీ ఉద్యోగమే కార్ల ఆచూకీ కదా! చూసి చెప్పవే.”

“చూస్తా. నువ్వు తిరగడం ఆపకు,” అన్నాను.

ఫోన్లో మా కారు యాప్ తెరిచి ‘బండి ఎక్కడుంది?’ అని నొక్కాను. ‘మీ ఇంటిపెద్దను అడుగుతున్నాం. వారు చెప్పమంటే చెబుతాం’ అని వచ్చింది. ఆ వాక్యం రాసింది నేనే.

కారు ఎవరి మాట వినాలో ఆ మనిషికి మావాళ్లు మొదట ‘ప్రాథమిక వినియోగదారు’ అని పేరు పెట్టారు. ఏ ఇంట్లో ఎవరంటారయ్యా ఈ మాట అని గొడవపడి నేను ‘ఇంటిపెద్ద’ అని మార్పించాను. అందరూ తెగ మెచ్చుకున్నారు. షోరూముల్లో ‘మీ ఇంటిపెద్ద ఎవరండీ?’ అని అడగ్గానే జనం కారు నడిపేవాళ్లని వదిలేసి, ఇంట్లో వయసులో పెద్దవాళ్లని చూపిస్తున్నారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. నా జీతంతో కొన్న కారు, ఎక్కువగా నేనే నడిపే కారు. అయినా అడగ్గానే నాతో సహా అందరం మామగారి వైపు తిరిగాం. మర్యాద కదా మరి! ఇప్పుడు మామగారు ఎక్కడున్నారో చెప్పాలంటే, చెప్పమని మామగారే చెప్పాలి. మళ్లీ నొక్కాను. మళ్లీ నొక్కాను. ఆయన జేబులో ఫోను అంతే మర్యాదగా అడుగుతూ ఉండి ఉంటుంది.

కింది అంతస్తుకి పరుగెత్తాను. అక్కడ కబుర్లన్నిటికీ కాపలా కాసే ఇంజనీరు ఉంటాడు. తాళాలాయన అంటాం. విషయం చెబితే లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

“నా చేతిలో ఉన్నది సగం తాళమేనమ్మా. రెండో సగం కార్ల కంపెనీ వాళ్ల దగ్గర ఉంటుంది. ఇద్దరం కలిస్తేనే ఒక కారు పేరుతో తెరుచుకుంటుంది. ఆవిడ పైనే ఉన్నారుగా, ఆవిణ్ణి ఒప్పించు. ఆవిడ ఊఁ అన్న మరుక్షణం నేను తెరుస్తా. ఒట్టు.”

రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చాను. పెద్ద గదిలో నవ్వులరాయుడు మంచి ఊపు మీదున్నాడు. గోడంత తెర మీద ఊరి పటం. దాని మీద చీమల్లా తెల్లచుక్కలు, ఒక్కోటీ ఒక్కో కారు. “పేర్లుండవు, నంబర్లుండవు. కారెవరిదో మాకే తెలీదు. ఆ దేవుడు దిగొచ్చినా ఇందులోంచి మనిషిని పట్టుకోలేడు!” అంటున్నాడు. నేను వెనకనుంచి వంగి కార్ల కంపెనీ ఆవిడ చెవిలో అంతా చెప్పాను.

ఆవిడ నాతో పాటు లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. కసురుకుంటుందేమో అనుకున్నాను. కసురుకోలేదు.

“మీరు చెప్పేది నిజమేనని నాకు తెలుస్తోంది. కానీ ఆ మధ్య ఒకాయన కూడా ఇలాగే వచ్చాడు. ‘మా ఆవిడ ప్రాణాపాయంలో ఉంది, కారు ఎక్కడుందో చెప్పండి’ అని నా ముందే ఏడ్చాడు. నాకూ కన్నీళ్లొచ్చాయి. చెప్పాను. ఆవిడ పారిపోయింది ఆయన్నుంచే. అప్పట్నుంచి పోలీసుల నుంచి కాగితం రాందే, మా లాయర్లు చూడందే మా తాళం కదలదు. నేను తెరవమన్నా మావాళ్లు తెరవరు.”

“కాగితం వచ్చేలోపు ఆయన పోతారండీ!”

నా గొంతు పెరిగిపోయింది. గదిలో అందరూ ఇటు తిరిగారు. బీమా ఆయన సంగతేమిటని, బండి నంబరేమిటని అడిగి తెలుసుకుని, వెంటనే తన ఫోన్లో ఏదో వెతికాడు. “మాకు చోటు తెలీదమ్మా, నడిపే తీరుకి మార్కులే వస్తాయి. అదిగో, మీ కారు. బ్రేకు మెత్తగా తొక్కుతారు, వేగం ఎప్పుడూ దాటరు. చాలా మంచి డ్రైవరు!” అన్నాడు. ఆ మార్కులు నెత్తిన పెట్టుకుని ఊరేగమంటావా అని నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకున్నాను.

నవ్వులరాయుడు నా దగ్గరికొచ్చి, నవ్వు చెదరనీకుండానే గొంతు తగ్గించాడు. “నువ్వు ఇంటికెళ్లు తల్లీ. సెలవు తీసుకో. ఇక్కడ బేరం నడుస్తోంది.”

వెళ్లి ఏం చెయ్యాలి? ఊరంతా కాళ్లతో వెతకాలా? అక్కడే నిలబడ్డాను. నాకు ఆ క్షణంలో ఆ గది మీద, అందులో చల్లగా కూర్చున్న ప్రతి మనిషి మీద అసహ్యం పుట్టింది. మామగారి బ్రేకు ఒకడి దగ్గర, తాళం ఒకరి దగ్గర, రెండో తాళం ఇంకొకడి దగ్గర. అన్నీ ఉన్నాయి, మనిషే లేడు.

“ఇదేంటి, ఇక్కడ వాన ఆగట్లేదు?”

ఆ మాటన్నది వానల కంపెనీ అమ్మాయి. అది నాతో అన్నది కాదు. తెర దగ్గరికి వెళ్లి ఒకచోట వేలు పెట్టింది. వైపర్ వేసిన కారు చుక్క నీలంగా మారుతుంది. బయట ఎండ మండిపోతోంది, ఊరంతా తెల్లచుక్కలే. ఆ అమ్మాయి వేలి కింద మాత్రం ఒక్కటే నీలంచుక్క, కదలకుండా.

“నేను వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. ఊరంతా ఎండ, ఈ ఒక్కచోటే కుంభవృష్టి. ఇలాంటి డేటా పెట్టుకుని మేం జనానికి వాన ఎక్కడుందో ఎలా చెప్పాలండీ?”

“ఓ, అదా! అదేదో చెడిపోయిన సెన్సరండీ,” అన్నాడు నవ్వులరాయుడు. “ఇలాంటివి మేం ఏరేస్తుంటాం. ఇదిగో, మీ ఎదురుగానే తీసేస్తా. మళ్లీ కనపడదు.” చేతిలో రిమోట్ ఎత్తాడు.

మా కారు నాకు కళ్ల ముందు మెదిలింది. మామగారు జన్మంతా నడిపిన పాత కారులో ఇండికేటర్ కుడిచేతి వైపు. కొత్తదాంట్లో ఎడమచేతి వైపు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెయ్యి వినదు. మలుపు వచ్చిందంటే ఇండికేటర్ అనుకుని వైపర్ లాగుతారు. ఎర్రటి ఎండలో అద్దం మీద వైపర్లు కీచుమంటూ ఊగుతుంటే మా పాప వెనకసీట్లో చప్పట్లు కొడుతుంది. ‘తాతయ్య మలుపు తిప్పితే వానొస్తుంది’ అని అది బళ్లో కూడా చెప్పింది.

“తియ్యొద్దు!” అని అరిచాను.

అరిచానంటే మామూలుగా కాదు. గ్లాసుల్లో నీళ్లు ఒలికాయి. నవ్వులరాయుడి వేలు బటన్ మీదే ఆగిపోయింది.

“అది చెడిపోలేదు. ఆ బండి మాది.”

“అమ్మా, ఎవరి బండో తెలిసే వీలే లేదని ఇప్పుడేగా చెప్పా...”

“ఇది పొద్దున్నుంచీ ఎక్కడెక్కడ నీలంగా ఉందో చూపించండి.”

“చూడు, నీ బాధ నాకు అర్థమవుతోంది, కానీ...”

“చూపిస్తారా, రిమోట్ లాక్కోమంటారా?”

వానల కంపెనీ అమ్మాయి మెల్లగా అంది. “చూపించండి. నాకూ చూడాలనుంది.” కొనేవాళ్లు అడిగాక కాదనలేక ఆయన బటన్ నొక్కాడు. పటం మీద నీలం మరకలు ఒక్కొక్కటే వెలిగాయి. మొదటిది మా వీధి మలుపులో. మా ఇల్లు దాటగానే వచ్చే మలుపు, రోజూ నేను తిరిగే మలుపు. తర్వాతది స్కూలు మూల. అక్కణ్ణుంచి వంతెన దిగేచోట. ప్రతి మలుపులోనూ ఒక చిన్న జల్లు. చివరికి గోడౌన్ల సందులు. అక్కడ మొదలైన వాన ఇంక ఆగలేదు. ఒంట్లో తేడా తెలిసి పక్కకి తీయబోయారు. తీస్తూ ఇండికేటర్ వేద్దామనుకున్నారు. అదే చివరి పని అయింది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది, కానీ ఏడవడానికి తీరిక లేదు. మా ఆయనకి ఫోన్ చేశాను.

“గోడౌన్ల సందులకి పో. వెంటనే.”

“అక్కడ ఎన్ని సందులు! వరసగా లారీలు, కార్లు ఆగి ఉంటాయి. ఎక్కడని వెతకను?”

“పంచదార కొనుక్కుని పో. ఏ కారుకైతే ఎండలో వైపర్లు ఊగుతున్నాయో అదే.”

వాడు ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టకుండానే పరుగెత్తాడు. బండి మోత, హారన్లు, ఎవరో వాణ్ణి తిట్టడం అన్నీ నా చెవిలో పడుతున్నాయి. మధ్యలో లైను తెగింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

గదిలో ఎవరూ కూర్చోలేదు. తెర మీద ఆ నీలంచుక్క వెలుగుతూనే ఉంది. కార్ల కంపెనీ ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. బీమా ఆయన కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు. నాకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను, తలుచుకుంటూనే తిట్టాను కూడా. తినకుండా వెళ్లనిచ్చినందుకు అత్తయ్యని, చెప్పకుండా వెళ్లినందుకు మామయ్యని, అన్నిటికంటే ముందు నన్ను.

ఉన్నట్టుండి చుక్క తెల్లబడింది.

“వాన ఆగింది,” అంది వానల కంపెనీ అమ్మాయి.

ఆగిందంటే ఏమిటి అర్థం? ఎవరో తాళంచెవి తిప్పి బండి ఆపారు. మావాడేనా? ఎవడైనా దొంగా? సకాలంలోనా, ఆలస్యంగానా? తెర అది చెప్పదు. ఎంత కబురు అమ్మినా ఆ ఒక్క కబురు మాత్రం దాని దగ్గర లేదు. అప్పుడు చేతిలో ఫోను మోగింది.

“ఊపిరుంది,” అన్నాడు మా ఆయన, ఏడుస్తూ. “అద్దం పగలగొట్టి తీశాం. పక్క గోడౌన్‌వాళ్లు పట్టుకున్నారు. నాలిక కింద పంచదార పెట్టా. కళ్లు తెరిచాడే. కళ్లు తెరిచాడు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నా.”

“దొరికారు, ఊపిరుందట,” అని గదిలోవాళ్లకి చెప్పాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోవడంతో మానేసింది. నవ్వులరాయుడే ముందు తేరుకున్నాడు. “చూశారా! మా డేటా ప్రాణం నిలబెట్టింది. దీన్ని మనం ప్రకటనల్లో కూడా...”

“ఆగండి,” అంది కార్ల కంపెనీ ఆవిడ. ఆవిడ చూపు తెర మీదే ఉంది. ఆ తెల్లచుక్కలన్నిటి మీదా తిరుగుతోంది. “నేను సాయం చేసిన ఆ పెద్దమనిషి పెళ్లాం... ఆవిడకీ ఏదో ఒక అలవాటు ఉండే ఉంటుంది కదండీ? ఆయనకి అది తెలిసే ఉంటుంది. పేరు లేకపోయినా ఈ చుక్కల్లో ఆవిణ్ణి పట్టేస్తాడు.”

నవ్వులరాయుడి ముఖంలో నవ్వు ఆరిపోవడం నేను మొదటిసారి చూశాను. ఆవిడ బ్యాగు సర్దుకుంది. “మా కార్ల నుంచి ఈ ముక్క బయటికి రాదు. ఇవాళ్టికి వద్దు,” అని వెళ్లిపోయింది. నవ్వులరాయుడు నా వైపు చూసిన చూపుకి అర్థం నాకు తెలుసు. రేపు నా కుర్చీ ఉంటుందో ఊడుతుందో. ఊడితే ఊడనీ, మామయ్య ఉన్నారు.

లిఫ్టు దగ్గర బీమా ఆయన నన్ను పట్టుకున్నాడు. మర్యాదగా కార్డు చేతిలో పెట్టాడు. “మీ మామగారు కోలుకున్నాక ఒకసారి కలుద్దామమ్మా. ఎవరు ఇండికేటర్ బదులు వైపర్ లాగుతున్నారో తెలిస్తే మాకు చాలా ఉపయోగం. పెద్దవాళ్లెవరో పసిగట్టొచ్చు, ప్రీమియం దాన్ని బట్టి...” ఇందాక పొగిడిన మంచి డ్రైవరే ఈయనకి ఇప్పుడు చెడ్డ బేరం అయిపోయాడు. కార్డు ఆయన చేతిలోనే పెట్టేసి లిఫ్టు తలుపు మూశాను. నా నోటికి ఆ పూట అంతకంటే ఓపిక లేదు.

ఆస్పత్రిలో మామగారు దిండుకి ఆనుకుని ఉన్నారు. చేతికి సెలైన్, చేసిన పనికి ముఖంలో సిగ్గు. అత్తయ్య ఆయన వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది. అది కోపమనీ, ఏడుపు కనపడకుండా అలా కూర్చుందనీ అందరికీ తెలుసు.

“ఎక్కడికి వెళ్లారు మామయ్యా, అంత కొంపలంటుకున్న పనేమిటి?”

ఆయన మా ఆయన వైపు చూశారు, వాడు తల తిప్పుకున్నాడు. “గోడౌన్ల దగ్గర స్పేర్ పార్ట్స్ కొట్టుంది కదమ్మా. ఊరికే ఎండలో తిప్పి తిప్పి వైపర్ రబ్బర్లు అరగ్గొట్టేశాను. నువ్వు చూస్తే నవ్వుతావని, నువ్వొచ్చేలోపు కొత్తవి వేయిద్దామని...”

ఆయన ఫోను దుప్పటి మీద ఉంది. ఇప్పుడే ఎవరో చార్జింగ్ పెట్టి తెచ్చారు. తెర నిండా ఒకటే వాక్యం, కిందికి జరుపుతున్నా అయిపోవడం లేదు. మామగారు కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివారు.

“‘మీ బండి ఎక్కడుందో మీ కోడలు తెలుసుకోగోరుతున్నారు. చెప్పమంటారా?’ అబ్బో! ‘గోరుతున్నారు’ట! ఎంత ఇదిగా అడుగుతోందమ్మా ఇది. మనిషి పోతున్నా గొంతు పెంచదు. ఎవరు రాశారో!”

“నేనే మామయ్యా.”

ఆయన ఎంతో జాగ్రత్తగా, ‘చెప్పండి’ అన్నచోట నొక్కారు. నా చేతిలో ఫోను టింగుమంది. మీ ఇంటిపెద్ద అనుమతి ఇచ్చారని, మీ బండి గోడౌన్ల సందులో ఉందని చెప్పింది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

ఆయన సూది లేని చెయ్యి నా తల మీద వేశారు.

“ఈసారి రాసేటప్పుడు,” అన్నారు, “మర్యాద కాస్త తగ్గించి రాయమ్మా.”